అమ్మ నిద్రపోయిన కారు

ఆ కారు మా ఇంటి ముందర ఉన్నది నాలుగు నెలలే. రంజాన్ పండగైన వారానికి వచ్చింది, ముసుర్లు పట్టకముందే వెళ్ళిపోయింది. ఒంగోలు వైపు ఎవరో కొనుక్కుపోయినారు. ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు. అయినా అల్లూరు బజార్లో ఏదన్నా పెద్ద కారు చప్పుడు లేకుండా పక్కనించి పోతే, నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. రెండేళ్ళ కిందటి ఆ ఎలక్షన్ల ఎండాకాలమంతా కళ్ళ ముందుకొస్తుంది.

మా నాయన పీర్ సాహెబ్‌ది సీటు కవర్ల పని. మా తాత దూది ఏకి పరుపులు కుట్టినాడు. నాయన రేకుల షెడ్డులో ఒక మిషను పెట్టుకుని ఆటోలకీ ట్రాక్టర్లకీ కార్లకీ సీట్లు కుడుతున్నాడు. మనిషి కూర్చునే చోటు మెత్తగా ఉండాలనేది మా ఇంట్లో తరాల నించి వస్తున్న పని.

మా అమ్మ జమాల్‌బీకేమో ఏ బండీ పడదు. ఆటో ఎక్కితే రెండు కిలోమీటర్లు, బస్సెక్కితే ఊరు దాటేదాకా. ఆ తర్వాత మొహం తెల్లబడిపోతుంది, నోట్లో నీళ్ళూరతాయి, ఇంక కవరు వెతుక్కోవాల్సిందే. మాత్రలు మింగింది, అల్లం నమిలింది, దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. ఏదీ పనిచేయలేదు. ఎవరింట్లో పెళ్ళయినా నాయనా నేనూ పోయి వచ్చేవాళ్ళం. అమ్మ ఇంట్లో కూర్చుని, ఏం వండినారు, ఎవరెవరు వచ్చినారు, ఏ చీర కట్టుకున్నారు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకునేది.

అంతదాకా బాగానే ఉండేది. కానీ ఆ ఎండాకాలానికి పదకొండేళ్ళ ముందు మైపాడులో మా పెదనాయన పోయినాడు. అంటే అమ్మ వాళ్ళక్క మస్తాన్‌బీ భర్త. అమ్మకి చిన్నప్పుడే తల్లి పోతే పెంచింది ఆ అక్కే, నాయనకిచ్చి పెళ్ళి చేసిందీ ఆ అక్కే. కబురొచ్చిన రోజు నాయన వేరే ఊర్లో పనిమీద ఉన్నాడు. పదేళ్ళ నన్ను వెంటబెట్టుకుని అమ్మ బస్సెక్కింది. కోవూరు వచ్చేసరికి కడుపులో ఉన్నదంతా పోయి పసరు పడుతోంది. బస్టాండులో దిగి బెంచీ మీద ఒరిగిపోయింది. సాయంత్రం దాకా తల ఎత్తలేకపోయింది. నేను పక్కన కూర్చుని ఏడ్చినాను. అవతల మైపాడులో పెదనాయనకి మట్టి ఇచ్చేసినారు.

మర్నాడు నాయన ఒక్కడే పోతే పెద్దమ్మ అన్నదంట: "వాంతులొస్తాయని ఎవురైనా ఆగిపోతారా పీరూ? నా ఇంట్లో శవం లేస్తుంటే దానికి బస్సు పడలేదా? ఇంక దాని మొహం నాకు చూపించొద్దు."

అంతే. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. పండగలకి అమ్మ ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తి, గొంతు విని, పెట్టేసేది.

ఇక కారు సంగతి. ఆ ఏడు నేను డిగ్రీ ఆఖరి పరీక్షలకి చదువుకుంటా ఇంట్లోనే ఉన్నాను. ఫిబ్రవరి నెలాఖర్లో, రొయ్యల చెరువులున్న సుకుమార్ తన కారు తెచ్చి మా షెడ్డు ముందర ఆపినాడు. జర్మనీ కారు, ముదురు నీలం రంగు, పడవంత పొడుగు. మద్రాసులో ఎవరో పదేళ్ళు వాడి అమ్మితే ఈయన కొన్నాడు. మూతి మీద ఉండాల్సిన గుర్తు ఎప్పుడో ఊడిపోయింది. అందుకని మా వీధిలో ఎవరికీ దాని పేరు తెలియలేదు, అందరూ 'పెద్దకారు' అనేవాళ్ళు. సీట్ల తోలు ఎండకి పగిలి పెచ్చులూడుతోంది. నాయన రెండు వారాలు దాని మీదే కూర్చున్నాడు. పాత తోలు విప్పి, లోపలి ఫోము మార్చి, లేత గోధుమరంగు తోలుతో కొత్తగా కుట్టినాడు. ఆయన కుట్టు చూస్తే అచ్చు ఫ్యాక్టరీలో కుట్టినట్టే ఉండింది.

పని అయిన రోజు అమ్మని పిలిచినాడు. "మేయ్, వచ్చి ఒకసారి కూర్చో. నడుము కాడ కుట్టు ఒత్తుకుంటుందేమో చెప్పు."

"నేనెందుకు? ఫరీన్‌ని కూర్చోబెట్టు," అని నన్ను చూపించింది.

"అది బక్కది. దానికేం తెలుస్తుంది?"

అమ్మ నవ్వి, చేతులు తుడుచుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు ఎక్కినాను. నాయన నెమ్మదిగా కారు కదిలించినాడు.

"ఏమయ్యా, ఆపు! నాకొద్దు, ఆపమంటుంటే!"

"మలుపు దాకానే. కదిలితే గదా కుట్టు సంగతి తెలిసేది."

మలుపు దాటింది. ఇసకపల్లి రోడ్డెక్కింది. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే చక్రాలు చిమ్మే నీళ్ళు. ఆ రోడ్డు గుంటలమయం. కానీ గుంటలో చక్రం దిగినట్టు కంటికి కనపడేదే తప్ప ఒంటికి తెలిసేది కాదు. కాసేపటికి వెనకనించి గొణుగుడు ఆగిపోయింది. నాకు భయమేసి తిరిగి చూసినాను. అమ్మ తల సీటుకి ఆనించి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతా ఉంది.

నాయన అద్దంలో చూసినాడు. లేపొద్దని నాకు చేత్తో సైగ చేసినాడు. సముద్రం దాకా పోయి, తిప్పుకుని, మళ్ళీ ఊళ్ళోకి వచ్చి, షెడ్డు ముందర ఇంజను ఆపకుండా అట్టనే కూర్చున్నాడు. అమ్మ లేచేదాకా మేమిద్దరం దిగలేదు.

పండగ అయినాక సుకుమార్ ఆ కారు అమ్మేస్తున్నాడని తెలిసింది. నాయన చొక్కా మార్చుకుని బయల్దేరినాడు. నన్ను రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు.

సుకుమార్ ముందు నవ్వినాడు. తర్వాత నాయన మొహం చూసి నవ్వాపినాడు. "పీరన్నా, దీన్ని మేపలేక నేనే వదిలించుకుంటున్నా. నీకెందుకన్నా ఇది?"

"పెళ్ళిళ్ళకి బాడుగ తిప్పుతాలే."

"సీట్లు కుట్టినవాడివి, నీకు కాదంటానా. కానీ ముందు ఎవురికైనా చూపించుకో. రేపు నన్ను అనొద్దు."

నెల్లూరులో టైటస్ అని మెకానిక్ ఉన్నాడు. పెద్ద కార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటా చెప్పినాడు. "ఇంజను బాగుండాది. గేరుబాక్సు ఆటోమేటిక్, దానికీ ఢోకా లేదు. అయితే అన్నా, దీనికి మామూలు స్ప్రింగులుండవు, గాలి సంచులు. ఆ మెత్తదనమంతా వాటిదే. ముందు ఎడమపక్కది ముసల్ది అయిపోయింది. ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను."

నాయన ఒక్కటే అడిగినాడు. "ఈ ఎండాకాలం లాగుతుందా?"

టైటస్ ఆయన వైపు వింతగా చూసినాడు. "లాగొచ్చు."

"చాలు," అన్నాడు నాయన.

షాపు మెయిన్‌రోడ్డు మీదికి మార్చాలని ఎన్నాళ్ళుగానో దాచుకున్నది దానికే పోయింది. ఇంటికొచ్చినాక అమ్మ అరిచిన అరుపులు వీధి చివరిదాకా వినపడినాయి. "రేకుల కింద ఉడికి ఉడికి మెదడు కరిగిందా నీకు? కారంట! బాడుగలంట! ఏ పెళ్ళికొడుకు ఎక్కుతాడయ్యా, గుర్తు కూడా లేని కారు?"

నేనూ అమ్మ పక్కే మాట్లాడినాను. కొంచెం కఠినంగానే. నాయన అన్నీ విని, గుడ్డ తడిపి కారు తుడుచుకుంటా ఉన్నాడు. ఆయన 'ఈ ఎండాకాలం' అని ఎందుకన్నాడో నాకు అప్పటికి అర్థం కాలేదు. నాలుగు రోజులు పోయినాక, అన్నం తింటా, తలెత్తకుండా అమ్మతో అన్నాడు: "శుక్రవారం మైపాడు పోదాం. తయారుగా ఉండు."

అమ్మ చేతిలో గరిటె అట్టనే ఉండిపోయింది. ఆ తర్వాత కారు గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరినాం. అమ్మ పెళ్ళిళ్ళకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టింది. ఎలక్షన్ల రోజులు కదా, కోవూరు ముందర పోలీసులు బండ్లాపి చూస్తున్నారు. మా కారుని చూడగానే ముగ్గురు చుట్టూ మూగినారు. డిక్కీ తెరవమన్నారు. లోపల ఒక దిండు, నీళ్ళ క్యాను, ప్లాస్టిక్ కవర్ల కట్ట ఉన్నాయి.

"ఈ కవర్లెందుకు?" అనడిగినాడు ఎస్సై.

"మా ఇంటామెకి ప్రయాణంలో వాంతులు సార్."

"ఇంత కార్లో కూడానా?"

"ఇంతవరకూ రాలేదు సార్," అన్నాడు నాయన. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్ల గురించి చెప్పుకునే తండ్రి గొంతు అది. ఎస్సై నవ్వి పొమ్మన్నాడు.

పెన్నా వంతెన మీద అమ్మ అద్దం దించమంది. నదిలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. అయినా వంతెన ఈ కొసనించి ఆ కొసదాకా తల తిప్పకుండా చూసింది. "ఇదేనా, ఇంతేనా దూరం?" అని తనలో తాను అనుకుంది.

మైపాడులో పెద్దమ్మది పడవలవాళ్ళకి తాళ్ళు, వలదారం అమ్మే అంగడి. పెదనాయన పోయినాక తనే నడుపుతోంది. అరవై ఏళ్ళ మనిషి, నిటారుగా ఉంటుంది. కారాగితే ఎవరో బీచికొచ్చినవాళ్ళనుకుని చూసింది. అమ్మ దిగింది. పెద్దమ్మ చేతిలో కొలుస్తున్న తాడు కిందపెట్టింది. మొదట కారుని చూసింది, తర్వాత ఆకుపచ్చ చీర, ఆ తర్వాతే అమ్మ మొహం.

"రా పీరూ, కూర్చో. పాపా, నువ్వు కూడా రా," అనింది. స్టూళ్ళు వేసింది. ఇద్దరికీ టీ తెప్పించింది. రెండే.

అమ్మ గడప బయటే నిలబడింది. "అక్కా..."

పెద్దమ్మ మాతోనే మాట్లాడింది, గట్టిగా, అమ్మకి వినపడేట్టు. "బస్సులో రాలేని మనిషి కారు కొన్నాక వచ్చిందంట. కార్లో ఎవురైనా వస్తారు. బాగుండాది, పదిమందీ చూసినారు గదా. ఇంక తీసుకుపో."

"వదినా, దానికి నిజంగానే..." నాయన లేచినాడు.

"నీకు టీ చల్లారిపోతుండాది పీరూ."

టీ తాగకుండానే లేచినాం. తిరుగు ప్రయాణంలో అమ్మ ఏడవలేదు. నిద్రా పోలేదు. ఇంటికొచ్చి చీర మడత పెట్టేటప్పుడు మాత్రం నాతో అనింది: "అక్క అన్నదాంట్లో తప్పేముంది? అక్క కళ్ళకి కనపడింది కారే గదా."

మే నెల చివర్లో ఒక పొద్దున లేచి చూస్తే కారు ముందు ఎడమపక్క నేలకి ఒరిగిపోయి ఉంది. గాలి సంచి పోయింది. కొత్తది జర్మనీనించి రావాలన్నారు, అది మా వల్ల అయ్యే పని కాదు. టైటస్ నాలుగు పక్కలా మామూలు స్ప్రింగులు బిగించి పంపించినాడు. "నడుస్తుందన్నా. మెత్తదనం మాత్రం మర్చిపో," అన్నాడు.

నాయన ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. అమ్మే మళ్ళీ మైపాడు మాట ఎత్తింది. "తిట్టినా కొట్టినా నేను పోవాల. ఇన్నాళ్ళూ పోలేదు, అదే నా తప్పు."

బయల్దేరినాం. ఊరు దాటి రెండు మైళ్ళు పోలేదు, అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకో మైలు పోయేసరికి కారాపాల్సి వచ్చింది. కాలవ గట్టు మీద కూర్చుని వాంతి చేసుకుంది. నేను నీళ్ళు పోసినాను. నాయన కారుకి ఆనుకుని నిలబడినాడు, తానే ఏదో నేరం చేసినట్టు.

"ఇంటికి పోదాంలే," అన్నాడు. మళ్ళీ, ఏదో ఒకటి అనాలన్నట్టు, "తోలేవాళ్ళకి తిప్పదు. ఇన్నేళ్ళల్లో నాకొక్కరోజూ తిప్పలేదు," అన్నాడు.

అమ్మ మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కాసేపు కాలవ వైపు చూసింది.

"అట్టయితే నన్ను తోలనీ," అనింది.

నాయన నవ్వలేదు. తలుపు తెరిచి పక్కకి జరిగినాడు.

ఆ రోజు అమ్మ తోలింది వంద గజాలు. బ్రేకు మీద కాలుపెట్టి, స్టీరింగు రెండు చేతుల్తో అదిమి పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఆపినాక చెమటతో జాకెట్టు తడిసిపోయింది. నాయన నెమ్మదిగా అడిగినాడు: "తిప్పిందా?"

అమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "లేదు."

ఆ జూన్ నెల పొద్దులు నాకు బాగా గుర్తు. తెల్లారేసరికి ముగ్గురం ఇసకపల్లి రోడ్డు మీద ఉండేవాళ్ళం. గేర్లు మార్చే పనిలేని కారు కావడం అమ్మ అదృష్టం. సముద్రం మీదనించి చల్లటి గాలి వచ్చేది. ఎదురుగా చేపల తట్టల మోపెడ్లు వస్తే అమ్మ భయంతో కారాపేసి, వాళ్ళు దాటిపోయేదాకా కదిలేది కాదు. వాళ్ళూ అలవాటు పడిపోయి, "పోక్కా, పో, మేం పక్కనించి పోతాంలే," అని అరిచేవాళ్ళు. నాయన పక్కన కూర్చుని, మిషను మీద కొత్తగా కుట్టేవాళ్ళకి చెప్పినట్టే చెప్పేవాడు: "తొందర లేదు. చూపు ముందరే ఉండాల. చెయ్యి దాని వెంట అదే పోతుంది." ఒకసారి ఇసకలో దింపేసింది. ఒకసారి గేదెని తాకబోయింది. రోజూ ఇంటికొచ్చినాక, "ఇవాళ ఎంత దూరం తోలినా?" అని నన్నడిగేది. ఆ గొంతులోని ఆశని అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వినారు. అమ్మ ఫోటో దిగి, కంప్యూటర్ ముందర కూర్చుని, లెర్నింగ్ లైసెన్సు పరీక్ష పాసయ్యింది. నాయన ఎర్ర రెగ్జినుతో ఎల్ అక్షరం కత్తిరించి కారుకి ముందూ వెనకా అంటించినాడు.

బక్రీదు పోయిన మూడో వారంలో మూడోసారి మైపాడు పోయినాం. కోవూరు దాకా అమ్మే తోలింది. నెల్లూరు ట్రాఫిక్‌లో నాయన తీసుకున్నాడు, అంతసేపూ అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి పళ్ళు బిగించి ఓర్చుకుంది. ఊరు దాటగానే మళ్ళీ తనే కూర్చుంది. ఇందుకూరుపేట మలుపులన్నీ తనే తిప్పింది.

పెద్దమ్మ అంగడి ముందర గడప మీద కూర్చుని ఉంది. కారు వచ్చి కుదుపుతో ఆగింది. ఎడమపక్కనించి నాయన దిగినాడు. పెద్దమ్మ చూపు ఆయన మీదనించి కుడిపక్కకి జరిగింది. స్టీరింగు దగ్గరనించి అమ్మ దిగింది. మామూలు ఇంటి చీర, చెదిరిన జుట్టు. పడిపోకుండా తలుపు పట్టుకుంది.

"నువ్వా తోలుకొచ్చింది?" పదకొండేళ్ళ తర్వాత పెద్దమ్మ అమ్మతో అన్న మొదటి మాట అది.

"నేనే."

పెద్దమ్మ గడప మీదనించి లేవలేదు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అమ్మే దగ్గరికి పోయింది. "బావ మట్టి నేను చూడలేదక్కా. ఒక్కసారి తీసుకుపో. గోడ బయటనించే చూసొస్తా."

మాలో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌లోకి, సమాధుల దగ్గరికి పోరు. అది ఊరికి దూరం, వచ్చిన దోవలోనే నాలుగు మైళ్ళు వెనక్కి పోవాలి. పెద్దమ్మ ఇంకోసారి కారు వైపు చూసింది. తర్వాత లేచి, అంగడి తలుపు దగ్గరికి వేసి, వెనక సీట్లో నా పక్కన వచ్చి కూర్చుంది.

అమ్మకి మామూలుగా తోలడమే అంతంత మాత్రం. వెనక అక్క కూర్చుంటే ఇంకా కంగారు. ముందుకి లంఘించడం, ఠక్కున ఆగడం. స్పీడ్‌బ్రేకర్ల మీద కొత్త స్ప్రింగులు మమ్మల్ని ఎగరేసి దించుతున్నాయి. మలుపు మలుపుకీ పెద్దమ్మ నా మీద ఒరుగుతోంది. రెండు మైళ్ళు పోయినాక ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"ఆపమను," అనింది. "పాపా, ఆపమను."

కారు పూర్తిగా ఆగకముందే తలుపు తెరిచింది. రోడ్డు పక్క గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంది. నాయనా నేనూ దిగేలోపే అమ్మ అక్కడుంది. పక్కన కూర్చుని ఒక అరచెయ్యి పెద్దమ్మ నుదుటికి ఆనించి, రెండో చేత్తో వీపు నిమురుతోంది.

"ఇదేందే, భూమంతా తిరుగుతుండాది!"

"ఏం కాదు. కళ్ళు మూసుకోవద్దు. దూరంగా చూడు. పొలం అవతల ఇల్లుంది గదా, దాన్ని చూడు."

పెద్దమ్మ చూసింది. మళ్ళీ కడుపు తిప్పింది, మళ్ళీ చూసింది. కొంచెం ఊపిరందినాక, తల తిప్పకుండానే అడిగింది: "నీకు ఇట్టనేనా అయ్యేది?"

"ఇట్టనే."

"ప్రతిసారా?"

"ప్రతిసారీ అక్కా."

పెద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. చాలా చిన్న గొంతుతో అనింది: "ఆ రోజు కూడానా?"

అమ్మ రెండో చేత్తో పెద్దమ్మ జుట్టు వెనక్కి సర్దింది. నుదుటి మీదనించి చెయ్యి మాత్రం తీయలేదు. నేను చెప్పినాను. "కోవూరు బస్టాండులో పెద్దమ్మా. సాయంత్రం దాకా లేవలేకపోయింది."

ఆమె నా వైపు చూసింది. "నువ్వుండావా?"

"ఉండాను. నేనొక్కదాన్నే."

"పదేళ్ళ బిడ్డవి గదే," అనింది. ఆమె కళ్ళలో నీళ్ళు వాంతివో మరెందుకో చెప్పలేను. అమ్మ భుజం పట్టుకుని పైకి లేచింది. లేచినాక కూడా ఆ భుజం వదల్లేదు.

నాయన ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "వదినా, ముందు కూర్చో. ముందయితే అంత తిప్పదు." తను వచ్చి నా పక్కన వెనక కూర్చున్నాడు. తను కుట్టిన ఆ వెనక సీట్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.

అమ్మ ఇంజను స్టార్టు చేసింది. కారు ఒక్క ఉదుటున ముందుకి దూకింది. పెద్దమ్మ చెయ్యి చాచి, స్టీరింగు మీదున్న అమ్మ చేతిమీద పెట్టింది.

"నిదానంగా తోలు జమాలూ," అనింది. "మీ బావ యాడికీ పోడు."